ఫీజు లేని లాయరు: గుంటూరు, విజయవాడల్లో లీగల్ ఎయిడ్ సేవకు ఎన్ని మార్కులు?

ముందే తేల్చి చెప్పేద్దాం. క్రిమినల్ కేసులో ఇరుక్కున్న మనిషికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఇచ్చే ఉచిత లాయరు సేవకు, రిమాండుకు ముందే వెళ్ళి పట్టుకుంటే ఐదుకి నాలుగు మార్కులు వెయ్యొచ్చు. బయట ఎవరికో అడ్వాన్సు కట్టి, ఆ డబ్బు అయిపోయాక, రిమాండు పడిన ఇరవయ్యో రోజున వెళితే రెండున్నరే. సేవ అదే, మనుషులూ వాళ్ళే. మారేది వెళ్ళిన వేళ.

గుంటూరులో ఈ ఆఫీసు జిల్లా కోర్టు ప్రాంగణంలో, న్యాయ సేవా సదన్ పేరుతో ఉంటుంది. ఆ పేరు చెబితే ఆటో అతనికి తెలియకపోవచ్చు, "కోర్టులో లోక్ అదాలత్ ఆఫీసు" అనండి. విజయవాడ వాళ్ళకు చిన్న మెలిక ఉంది. ఎన్టీఆర్ జిల్లా 2022లో వేరుపడినా కృష్ణా జిల్లా సంస్థ ఉండేది మచిలీపట్నం కోర్టులో. అలాగని అర్జీ ఇవ్వడానికి బందరు బస్సెక్కక్కర్లేదు. విజయవాడ కోర్టుల సముదాయంలోనే మండల న్యాయ సేవాధికార కమిటీ ఉంది, అక్కడ ఇస్తే చాలు. అసలు ఎక్కడికీ కదలకుండా 15100కి ఫోన్ చేసినా పని మొదలవుతుంది.

"లోక్ అదాలత్" అన్న పేరు వల్లే చాలామంది ఇది రాజీలు చేసే చోటనుకుని వెనక్కి తిరుగుతారు. రాజీ పని వేరు, ముద్దాయి తరఫున వాదించే పని వేరు. రెండోదానికి 2022 నుంచి లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్ అనే పద్ధతి వచ్చింది. చీఫ్, డిప్యూటీ, అసిస్టెంట్ అని మూడు అంచెల లాయర్లు ఉంటారు. చీఫ్‌కు కనీసం పదేళ్ళు, డిప్యూటీకి ఏడేళ్ళు క్రిమినల్ ప్రాక్టీసు ఉండాలి. వీళ్ళకు నెల జీతం ఇస్తారు, సొంత కేసులు పట్టకూడదు. ఈ ఒక్క నిబంధనే పాత పద్ధతికీ దీనికీ అసలు తేడా. పాత ప్యానెల్ లాయరుకు కేసుకింత అని ఇచ్చే సొమ్ము నామమాత్రం కనుక, సొంత క్లయింటు వాయిదా ఉన్న రోజున ఉచిత కేసు వెనక్కి పోయేది. ఇప్పుడు ఆ సాకు లేదు. ప్యానెల్ లాయర్లు పూర్తిగా పోలేదు, కొన్ని కేసులు ఇంకా వాళ్ళకే వెళతాయి. మీ కేసు ఎవరి చేతిలో ఉందో మొదటి రోజే అడిగి రాసుకోండి.

అర్హత దగ్గర జనానికి ఉన్న అపోహ మరీ పెద్దది. రేషన్ కార్డు ఉన్నవాళ్ళకే అనుకుంటారు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం కస్టడీలో ఉన్న ప్రతి మనిషీ అర్హుడే, ఆదాయంతో పని లేదు. నాలుగెకరాల మిర్చి చేను ఉన్నా, బ్రాడీపేటలో మేడ ఉన్నా, లోపల ఉంటే చాలు. ఆడవాళ్ళకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు బయట ఉన్నా ఆదాయం చూడరు. మిగతావాళ్ళు బయట ఉండి అడిగితే ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉండాలి. అర్జీ తెల్లకాగితం మీద రాసిస్తారు, రాయడం రానివాళ్ళు నోటితో చెబితే అక్కడివాళ్ళే రాసుకోవాలి. ఏడు రోజుల లోపు తేల్చాలన్నది నిబంధన. రిమాండు కేసులో అన్నాళ్ళు ఆగితే ప్రయోజనం లేదు కాబట్టి "ఈ రోజే మేజిస్ట్రేట్ ముందు పెడుతున్నారు" అన్న మాట మొదట చెప్పాలి.

ఫోన్‌లో ఏం చెప్పాలన్నది కూడా తేలిక విషయం కాదు. కేసు కథంతా చెప్పబోతే అవతలివాళ్ళకు పనికొచ్చే ముక్క ఒక్కటీ దొరకదు. మనిషి పేరు, తండ్రి పేరు, ఏ స్టేషన్, ఎన్ని గంటలకు ఎక్కడి నుంచి తీసుకెళ్ళారు, ఎవరి ఎదుట తీసుకెళ్ళారు, ఏదైనా జబ్బుకు మందులు వాడుతున్నాడా. ఇంతే. ఎఫ్‌ఐఆర్ నంబరు తెలిస్తే మరీ మంచిది. అన్నిటికంటే ముఖ్యం తీసుకెళ్ళిన టైము. 24 గంటల లోపు మేజిస్ట్రేట్ ముందు పెట్టాలన్న లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది, ప్రయాణానికి పట్టే సమయం ఒక్కటే అందులోంచి తీసేస్తారు. మధ్యాహ్నం రెండింటికి తీసుకెళ్ళిన మనిషికి అరెస్టు మెమోలో మర్నాడు పొద్దున ఆరు అని పడిందనుకోండి, ఆ పదహారు గంటలూ కాగితం మీద లేనట్టే. మెమోలో బంధువో, ఊళ్ళో పరువున్న మనిషో సాక్షి సంతకం చెయ్యాలి, ముద్దాయి కూడా చెయ్యాలి. సంతకం పెట్టేవాళ్ళు చూడాల్సింది తేదీ, టైము, చోటు. అది తప్పనిపిస్తే సంతకం పక్కనే అసలు టైము రాసి పెట్టడానికి అడ్డు లేదు. ఖాళీ కాగితం మీద మాత్రం ఎవరూ, ఎంత మంచిగా అడిగినా, సంతకం పెట్టకూడదు. పోలీసులకు ఇచ్చిన వాంగ్మూలం మీద సంతకం అక్కర్లేదని చట్టమే చెబుతోంది. మధ్యవర్తుల (పోలీసులు సాక్షులుగా పిలిచే బయటివాళ్ళ) ముందు రాసిన నేర ఒప్పుకోలులో కూడా కోర్టులో చెల్లేది, దాని వల్ల ఏదైనా వస్తువో విషయమో బయటపడితే ఆ మేరకే.

ఇంకా అరెస్టు కాకుండా స్టేషన్‌కి రమ్మన్నారనుకోండి. ఏడేళ్ళ దాకా శిక్ష పడే నేరాల్లో ఎక్కువగా వచ్చేది నోటీసే. జనం నోట ఇంకా "41ఏ" అనే నలుగుతోంది గానీ, 2024 జులై 1 నుంచి అది, పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 35(3). దీన్ని వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025లో స్పష్టంగా చెప్పింది. చేతికి నోటీసు వచ్చాక "లాయరు వద్దన్నాడు" అని ఇంట్లో కూర్చోవడం పెద్ద పొరపాటు. వెళ్ళకపోతే అదే అరెస్టుకు కారణం అవుతుంది, వెళ్ళి సహకరిస్తే అరెస్టు చెయ్యడానికి పోలీసులు కారణాలు రాసి చూపించాలి. వెళ్ళిన ప్రతిసారీ వచ్చినట్టు రాయించుకోండి, కుదరకపోతే ఆ రోజే స్పీడ్ పోస్టులో "ఫలానా టైముకు హాజరయ్యాను" అని పంపండి. లీగల్ ఎయిడ్ లాయరు ఈ దశలో కూడా రావాలన్నది జాతీయ న్యాయ సేవాధికార సంస్థ 2019లో పెట్టుకున్న పద్ధతి. ఆచరణలో ఈ సేవలో అన్నిటికంటే పలుచగా ఉండేది ఇదే. అడగనిదే రారు, అడిగినా కొన్నిసార్లు పారా లీగల్ వాలంటీరు వస్తాడు. వాలంటీరు లాయరు కాదు, కానీ స్టేషన్‌లో బయటి మనిషి ఒకరు కనబడటానికే సగం విలువ ఉంటుంది. పోలీసు విచారణ జరిగేటప్పుడు లాయర్ని కలిసే హక్కు అదే సంహిత 38వ సెక్షన్‌లో ఉంది. విచారణ మొత్తం పక్కన కూర్చునే హక్కు మాత్రం కాదు. ఈ తేడా తెలియక "మా లాయర్ని లోపలికి రానివ్వలేదు" అని గొడవకు దిగితే చేతిలో ఉన్నది కూడా పోతుంది.

ఇక సేవ నిగ్గు తేలేది రిమాండు దగ్గర. మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాక అడిగే ప్రశ్నలు మూడో నాలుగో ఉంటాయి. పోలీసులు కొట్టారా? ఇంట్లో వాళ్ళకు చెప్పారా? ఎందుకు అరెస్టు చేశారో తెలుసా? లాయరున్నాడా? పక్కన తీసుకొచ్చిన కానిస్టేబుళ్ళు నిలబడి ఉంటారు. నూటికి తొంభై మంది తల వంచుకుని "ఏం లేదండీ" అంటారు. ఆ మాట రికార్డు అయిపోతుంది. తర్వాత ఎన్ని పిటిషన్లు వేసినా "ఆ రోజు చెప్పలేదే" అన్న ప్రశ్న వెంటాడుతూనే ఉంటుంది. లీగల్ ఎయిడ్ లాయరు అరగంట ముందు వచ్చి "దెబ్బలుంటే చొక్కా ఎత్తి చూపించు, లాయరు లేడని చెప్పు, ఇంటికి ఫోన్ చెయ్యనివ్వలేదని చెప్పు" అని చెవిలో వేస్తే, ఆ అరగంట విలువ తర్వాతి ఆరు నెలల వాదన కంటే ఎక్కువ. అంతకు ముందు డాక్టరు పరీక్ష జరుగుతుంది, గుంటూరులో అయితే పెద్దాసుపత్రిలో. అక్కడ కూడా నొప్పి ఉన్న చోటు డాక్టరుకు నోటితో చెప్పాలి. ఆ రిపోర్టు కాపీ అరెస్టయిన మనిషికి ఇవ్వాలని అదే సంహితలో 53వ సెక్షన్, అడిగేవాళ్ళు లేక ఎవరికీ అందదు.

అరెస్టు కారణాలు రాతపూర్వకంగా ఇచ్చారా అన్నది ఇప్పుడు రిమాండులో పెద్ద ఆయుధం. "ఫలానా సెక్షన్ల కింద" అని ఒక్క ముక్క రాస్తే సరిపోదు. ఈ మనిషి ఏం చేశాడని పట్టుకున్నారో, అతనికి అర్థమయ్యే భాషలో ఉండాలి. 2025 నవంబరులో సుప్రీంకోర్టు దీన్ని అన్ని నేరాలకూ వర్తింపజేసింది. అప్పటికప్పుడు రాసివ్వడం కుదరకపోతే నోటితో చెప్పి, రిమాండుకు కనీసం రెండు గంటల ముందు కాగితం చేతికివ్వాలి. లేకపోతే అరెస్టే చెల్లదు. ఆటోనగర్‌లో పనిచేసే ఒడిశా కుర్రాడికి తెలుగు కాగితం ఇచ్చి చేతులు దులుపుకుంటే చాలదన్నమాట. ఏడేళ్ళ లోపు కేసయితే ఎందుకు అరెస్టు అవసరమైందో చెక్‌లిస్టు కూడా మేజిస్ట్రేటు ముందు ఉండాలి, సుప్రీంకోర్టు 2014 అర్నేష్ కుమార్ తీర్పు నుంచి ఇది తప్పనిసరి. వీటి మీద అభ్యంతరం నోటితో వదిలెయ్యకుండా కోర్టుకు రాతపూర్వక మెమోగా వెయ్యమని మీ లాయర్ని అడగండి. మంచి డిఫెన్స్ కౌన్సిల్ అడక్కుండానే వేస్తారు.

సెలవుకు ముందు రోజు సాయంత్రం అరెస్టయితే ఈ లెక్కలన్నీ తలకిందులవుతాయి. సెలవు రోజుల్లో ఇన్‌ఛార్జి మేజిస్ట్రేటు ఇంటి దగ్గర హాజరుపెడతారు. కోర్టు ఉండదు, ప్లీడర్లు ఉండరు, ఆఫీసు తాళం. అందుకే సెలవుల్లో రిమాండు డ్యూటీ ఎవరిదో ముందు రోజే తెలుసుకోవడం, కుదరకపోతే 15100 మోగించడం తప్ప దారి లేదు. మొత్తం సేవలో అర మార్కు కోసేది ఇక్కడే.

రిమాండు పడ్డాక గుంటూరు వాళ్ళను గుంటూరు జిల్లా జైలుకు, విజయవాడ వాళ్ళను గాంధీనగర్‌లోని జిల్లా జైలుకు పంపుతారు. లోపల లీగల్ ఎయిడ్ క్లినిక్ ఉంటుంది, లాయర్లు వంతులవారీగా వచ్చి అర్జీలు తీసుకుంటారు. బెయిల్ పిటిషన్ వెయ్యడంలో ఉచిత లాయరుకూ బయటి లాయరుకూ నాణ్యతలో పెద్ద తేడా కనబడదు. తేడా వచ్చేది సమాచారంలో. బయటి లాయరు దగ్గరికి ఇంటిల్లిపాదీ వెళ్ళి గంట కూర్చుంటారు. ఉచిత లాయరు దగ్గరికి ఎవరూ వెళ్ళరు, "గవర్నమెంటు లాయరు కదా, ఆయనే చూసుకుంటాడు" అనుకుంటారు. తల్లి డయాలసిస్ కాగితాలు, పిల్లల స్కూలు సర్టిఫికెట్లు, పనిచేసే చోట జీతం చీటీ, సొంత ఇంటి పన్ను రసీదు ఎవరో ఒకరు తెచ్చి ఇవ్వకపోతే పిటిషన్‌లో రాయడానికి ఆయనకు ఏముంటుంది?

బెయిల్ వచ్చింది, మనిషి రాలేదు. ఈ సేవకు పడే అసలు మైనస్ మార్కు ఇదే. ఆర్డరులో "పదివేలకు ఇద్దరు జామీన్లు" అని ఉంటే, పదివేలు కట్టాలేమోనని అప్పు తెచ్చేవాళ్ళున్నారు. కట్టక్కర్లేదు. ముద్దాయి వాయిదాలకు రాకపోతే అంత సొమ్ముకు మేం పూచీ అని ఇద్దరు మనుషులు సంతకం పెట్టాలి. వాళ్ళ ఆధార్, ఇంటి పన్ను రసీదు లేదా పట్టాదారు పాసు పుస్తకం, కోర్టు అడిగితే తహసీల్దారు ఇచ్చే ఆస్తి విలువ సర్టిఫికెట్, ప్రభుత్వోద్యోగి అయితే జీతం సర్టిఫికెట్. ఇంతకు ముందు ఎవరెవరికి జామీను ఉన్నారో కూడా వాళ్ళు డిక్లరేషన్ ఇవ్వాలి. ఎక్కువగా తిరగ్గొట్టేది పన్ను రసీదు పాతదైనప్పుడు, రసీదులో పేరు చనిపోయిన తండ్రిదై ఉన్నప్పుడు, ఆధార్‌లో ఇంటిపేరు స్పెల్లింగు వేరుగా ఉన్నప్పుడు. ఈ మూడూ ముందు రోజు సాయంత్రమే చూసుకోండి. లీగల్ ఎయిడ్ వాళ్ళు లాయర్ని ఇస్తారు, కోర్టు ఫీజు, కాపీల ఖర్చు భరిస్తారు. జామీను మనిషిని మాత్రం ఇవ్వరు. ఆ ఖాళీలోకే కోర్టు గేటు బయట జామీన్లు అమ్మేవాళ్ళు దూరతారు. దొంగ పాసు పుస్తకంతో జామీను పెడితే బెయిల్ పోవడమే కాదు, ఇంకో కేసు నెత్తిన పడుతుంది. అటువైపు చూడొద్దు.

దొరక్కపోతే చేయాల్సింది వేరే ఉంది. 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం బెయిల్ వచ్చి ఏడు రోజులైనా మనిషి బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి తెలియజేయాలి. నెల దాటినా జామీన్లు పెట్టలేకపోతే షరతు తగ్గించే విషయం కోర్టే తనంతట తాను చూడొచ్చు. లోకల్ జామీనే కావాలని పట్టుబట్టకూడదు. వీటిని ఆధారం చేసుకుని "సొంత పూచీకత్తు మీద వదలండి" అని పిటిషన్ వెయ్యమనండి. పేద ఖైదీలకు సాయం అని కేంద్రం 2023లో పెట్టిన పథకం కూడా ఉంది, బెయిల్ సొమ్ముకు సాయం ఇస్తారు. గంజాయి, అవినీతి, మనీ లాండరింగ్, ఉపా కేసులకు ఇది వర్తించదు. బెయిలిచ్చే నేరమే అయితే ఇంకా సులువు: అరెస్టయిన వారంలోగా జామీను పెట్టలేకపోయిన మనిషిని పేదవాడిగానే లెక్కగట్టి సొంత బాండు మీద వదలాలి.

గడువులో ఛార్జిషీటు పడకపోతే వచ్చే మాండేటరీ బెయిల్ విషయంలో డిఫెన్స్ కౌన్సిల్ ఆఫీసుకు మంచి మార్కులే పడాలి, ఎందుకంటే ఇది తేదీల లెక్క, ఆఫీసులో ఒక రిజిస్టరు పెట్టుకుంటే చాలు. ఉరి, యావజ్జీవం, లేదా కనీసం పదేళ్ళు శిక్ష పడే నేరమైతే 90 రోజులు, మిగతావాటికి 60. గంజాయి 20 కిలోలు దాటితే 180. రిమాండు పడిన రోజును కూడా కలిపి లెక్కపెట్టాలి. ఆ గడువులో ఛార్జిషీటు వెయ్యకపోతే బెయిల్ హక్కు, కానీ అడిగినవాడికే. అరవై ఒకటో రోజు పొద్దున్నే పిటిషన్ పడాలి. మధ్యాహ్నం వేద్దామనుకునేలోగా ఛార్జిషీటు దాఖలైతే ఆ హక్కు చేజారినట్టే. ఇంట్లో క్యాలెండరు మీద మీరు కూడా సున్నా చుట్టి పెట్టుకుని, రెండు రోజుల ముందు లాయరుకు గుర్తు చెయ్యండి.

బయటి లాయరు నుంచి ఇటు మారేవాళ్ళకు ఒక చిక్కు. పాత వకాలత్ మీద ఆయన అభ్యంతరం లేదని రాసివ్వాలి. ఫీజు బాకీ ఉందని ఆయన కేసు కాగితాల కట్ట ఇవ్వనంటే, బాకీ కోసం క్లయింటు కాగితాలు అట్టిపెట్టుకునే హక్కు లాయరుకు లేదని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది. కోర్టు అనుమతితో మార్చుకోవచ్చు, వాయిదా ఒకటి రెండు పోతాయి. ఉచిత లాయరు ఎవరైనా "ఖర్చులకు" అని డబ్బడిగితే ఇవ్వక్కర్లేదు, కార్యదర్శికి రాసివ్వండి. లాయర్ని మార్చమని కూడా రాసివ్వొచ్చు, కానీ ఫలానా ఆయనే కావాలనే ఎంపిక ఇక్కడ ఉండదు.

కోర్టు విచారణ దశలో సేవ ఫరవాలేదు. క్రాస్ ఎగ్జామినేషన్ బాగుంటుందా లేదా అన్నది కేసు ఏ అంచె లాయరు చూస్తున్నారన్న దాని మీద ఆధారపడుతుంది. సెషన్స్ కేసయితే చీఫ్ గానీ డిప్యూటీ గానీ చూడాలని అడగండి. వాయిదా తేదీ చెప్పే ఫోన్ వస్తుందని ఎదురుచూడకండి. ఈకోర్ట్స్ యాప్‌లో ప్రతి కేసుకూ విడిగా ఉండే పదహారు అక్షరాల సీఎన్ఆర్ నంబరు కొడితే తేదీ కనబడుతుంది. ఒక్క వాయిదా ఎగ్గొడితే నాన్ బెయిలబుల్ వారెంటు, మళ్ళీ అది రీకాల్ చేయించుకోవడానికి తిరుగుడు.

శిక్ష పడితే తీర్పు కాపీ అప్పటికప్పుడే ఉచితంగా ఇవ్వాలి, అది లేకుండా కోర్టు హాలు వదలొద్దు. అప్పీలు సెషన్స్ కోర్టుకైతే 30 రోజులు, హైకోర్టుకైతే 60. జైలు నుంచే సూపరింటెండెంటు ద్వారా పంపుకోవచ్చు. హైకోర్టు అప్పీలుకు నేలపాడులోని హైకోర్టు న్యాయ సేవల కమిటీ వేరే లాయర్ని ఇస్తుంది, కింది కోర్టులో వాదించినాయన కట్ట తనంతట తానే అక్కడికి వెళ్ళదు. సాక్షుల వాంగ్మూలాల కాపీలు ఒక సెట్టు ఇంట్లో పెట్టుకున్న కుటుంబానికి ఈ దశలో రెండు నెలలు కలిసొస్తాయి.